ఎడమ మలుపులో వచ్చే శబ్దం

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది, మిర్చి సీజన్ నడుస్తుండగా, నన్ను గుంటూరు బ్రాంచి నుంచి ఒంగోలులోని కార్ల సర్వీస్ సెంటర్‌కు ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా మార్చారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. మెకానిక్ పని పూర్తిచేసిన బండిని పరిశీలించి, రోడ్డు మీద నడిపి చూసి, జాబ్ కార్డులో ‘ఫైనల్ ఇన్‌స్పెక్షన్’ అనే గడిలో సంతకం పెట్టడం నా బాధ్యత. ఆ సంతకం లేనిదే బండి గేటు దాటదు.

మా వృత్తిలో అందరూ భయపడే మాట ‘రిపీట్ జాబ్’. బాగుచేసి పంపిన బండి నాలుగు రోజులకే ఫిర్యాదుతో తిరిగొస్తే దాన్ని అలా అంటారు. అది ఆ మెకానిక్ ఫైలులోకి ఎక్కుతుంది. మస్తాన్ వలి ఫైలులో అప్పటికే రెండున్నాయి. మూడోది వస్తే ఉద్యోగం ఉండదని వర్క్స్ మేనేజరు ముందే చెప్పారు. మస్తాన్‌కు ముప్పై ఐదేళ్లుంటాయి. చేతి పని శుభ్రంగా ఉండేది కానీ మాట తక్కువ. తప్పు తనది కాకపోయినా వాదించే మనిషి కాదు.

ఒక శుక్రవారం ఉదయం పద్మజ గారు కారుతో తిరిగొచ్చారు. ఆవిడ చీమకుర్తిలో స్కూలు టీచరు. సోమవారమే ఆ కారుకు మా దగ్గర క్లచ్ ప్లేటు మార్చాం. పని చేసింది మస్తాన్. వెనక సీట్లో ఆవిడ తల్లి కూర్చుని ఉంది. ఆ పెద్దావిడకు కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు ఒంగోలులో డయాలసిస్ చేయిస్తున్నారు. మర్నాడు మళ్లీ వెళ్లాలి.

గేట్లోకి తిరుగుతున్నప్పుడే కారు ముందు భాగంలోంచి టకటకమని గట్టిగా శబ్దం వచ్చింది. మేనేజరు గారు ఆ సమయానికి అక్కడే ఉన్నారు. ఆయన చదువుకున్న ఇంజనీరు, పనిలో నిదానస్తుడే. బోనెట్ ఎత్తించి, ఆక్సిలరేటర్ నొక్కించి విన్నారు. ఇంజను వేగంతో పాటే శబ్దమూ పెరిగింది. అంతలో ఆగిపోయింది. బేరింగులు అరిగితే మొదట్లో ఇలాగే వచ్చి పోతుందని, ఇంజను దించి విప్పి చూడాల్సిందేనని తేల్చారు. క్లచ్ పనిలో ఏదో దెబ్బ తగిలించి ఉంటాడని మస్తాన్ వైపు చూశారు.

“ఎన్నాళ్లు పడుతుందండీ?” అని అడిగారు పద్మజ గారు.

పది రోజులని చెప్పాం. ఆవిడ వెనక సీటు వైపు చూశారు. తర్వాత నెమ్మదిగా, “బస్సులో తీసుకెళ్తే అమ్మ తిరుగు ప్రయాణంలో కూర్చోలేదండి. అందుకే కదా ఈ వయసులో నేను డ్రైవింగ్ నేర్చుకుంది” అన్నారు.

ఇంజను విప్పే ముందు ఒక్క గంట సమయం ఇమ్మని మేనేజరు గారిని అడిగాను. విప్పాక శబ్దం ఎక్కడిదో ఇక వినలేం. ఆయన సరేనన్నారు. స్టీరింగు నేను పట్టుకోకుండా పద్మజ గారినే నడపమన్నాను. రోజూ నడిపే మనిషి నడిపితేనే ఆ బండి రోజూ చేసే శబ్దం చేస్తుంది. మస్తాన్‌ను కూడా ఎక్కించుకున్నాను.

చీమకుర్తి రోడ్డు మీద ఆరేడు కిలోమీటర్లు వెళ్లాం. గ్రానైటు లారీల వెనక దుమ్ములో, గుంతల్లో సాగినంతసేపూ కారు నోరు మెదపలేదు. నాకు విసుగు మొదలైంది. అప్పుడు పెద్దావిడ వెనక నుంచి అంది: “తిన్నగా పోతే యాడ మోగుద్ది నాయనా? మా వీధి మలుపులో మోగుద్ది. ఆసుపత్రి కాడ మోగుద్ది.”

ఆ రెండు చోట్లా ఎటు తిరుగుతారని అడిగాను. ఆవిడ ఆలోచించకుండా ఎడమ చెయ్యి చాపింది. “ఇటే. ఇటు తిరిగి నేను ఆ పక్కకి ఒరిగినప్పుడల్లా ఇంటూనే ఉండా.”

పక్కనే కనిపించిన పొలాల దారిలోకి ఎడమకు తిప్పించాను. టకటక మొదలైంది. కారు ఆపించాను. చక్రాలు ఆగాయి, శబ్దం ఆగలేదు. అంటే చక్రాలదీ ఇరుసులదీ కాదు, ఇంజనుతో పాటు తిరిగేదేదో చేస్తున్న శబ్దం. కారును వెనక్కి తీసి కుడికి తిప్పించాను. ఠక్కున ఆగిపోయింది. మూడుసార్లు చేసి చూశాం. మూడుసార్లూ అంతే.

అరిగిన బేరింగుకు ఎడమా కుడీ తెలియవు. మలుపును బట్టి అటూ ఇటూ దొర్లే వస్తువేదో లోపల ఉంది. నేను ఆ మాట అనేలోపే మస్తాన్, “సార్, బెల్ హౌసింగ్‌లో ఏదో ఉంది” అన్నాడు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య గంట ఆకారంలో ఉండే డొల్ల అది. ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం అందులో తిరుగుతుంది. క్లచ్ కూడా అక్కడే ఉంటుంది.

షెడ్డుకు వచ్చి, గేర్‌బాక్సు ఉన్న ఎడమ వైపు మాత్రమే జాకీతో ఎత్తి స్టార్టు చేయించాను. ఎడమ మలుపులో లాగే లోపలిది కుడికి, ఫ్లైవీల్ వైపు దొర్లింది కాబోలు, శబ్దం వచ్చింది. మేనేజరు గారే స్వయంగా వంగి విన్నారు. ఇంజను ఆపి, కారును పూర్తిగా లిఫ్టు మీదకు ఎక్కించి టార్చి వేశాం. బెల్ హౌసింగ్ అడుగున బొటనవేలంత రంధ్రం తెరుచుకుని ఉంది. ఆ రంధ్రానికి ఉండాల్సిన రబ్బరు బిరడా లేదు.

మస్తాన్ అయస్కాంతం పెట్టి చూశాడు, ఏమీ అంటుకోలేదు. తీగ చివర గ్రీజు ముద్ద పెట్టి తిప్పితే పావుగంటకు ఒక రాతి పెచ్చు బయటికి వచ్చింది. శనగ గింజంత నల్లరాయి, మధ్యలో బంగారు చుక్కలు. రోడ్డు మీద లారీల నుంచి రాలినది టైరు తగిలి ఎగిరి లోపల పడింది. పెద్దావిడ దాన్ని అరచేతిలో వేసుకుని చూసి, “మా ఊరిదే” అని నవ్వింది.

ఇక మిగిలింది బిరడా సంగతి. మేనేజరు గారు మస్తాన్‌ను అడిగారు. “పెట్టాను సార్” అన్నాడు.

అతను చెప్పింది నిజం. సోమవారం అతను పని ముగించాక తనిఖీకి వెళ్లింది నేను. ఫ్లైవీల్ పళ్లు చూద్దామని ఆ బిరడా తీసింది నేను. అప్పుడే కౌంటరు నుంచి పిలుపు వచ్చింది, లేచి వెళ్లాను. తిరిగొచ్చి రోడ్డు టెస్టు చేసి సంతకం పెట్టాను. ఆ రంధ్రం చూడగానే నాకు ఇదంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చిన వెంటనే చెప్పలేదు. రాయి తీసినంతసేపూ మౌనంగా నిలబడ్డాను. ఇన్నేళ్ల సర్వీసులో నా ఫైలులో మచ్చ లేదన్న ఆలోచన నన్ను ఆపింది. ఆ పావుగంటా నాకు ఇప్పటికీ గుర్తుంది.

“తీసింది నేనండి. మళ్లీ పెట్టలేదు” అన్నాను. పద్మజ గారి ఎదుటే అన్నాను. మేనేజరు గారు నన్ను ఒకసారి చూసి, రాసివ్వమన్నారు. రాసిచ్చాను. నాకు మెమో వచ్చింది. ఆ రిపీట్ జాబ్ మస్తాన్ ఫైలులో పడలేదు.

క్లచ్‌కు దెబ్బ తగల్లేదని చూసుకుని, కొత్త బిరడా బిగించి మధ్యాహ్నానికల్లా కారు ఇచ్చేశాం. శనివారం వాళ్లు అదే కారులో డయాలసిస్‌కు వెళ్లారు. వెళ్తూ వెళ్తూ పద్మజ గారు మా గేటులోకి ఎడమకు తిప్పి, అద్దం దించి, “వినండి, ఏమీ లేదు” అన్నారు.

ఇంజను దించి ఉంటే రాయి ఎలాగూ దొరికేది, కానీ పది రోజుల తర్వాత. అప్పటికి మస్తాన్ మా దగ్గర ఉండేవాడో లేదో. విప్పడం కన్నా వినడం ముందు అని చదువుకున్న రోజుల నుంచీ తెలుసు. తనిఖీ చేసేవాడు తాకిన బండిని కూడా ఇంకొకరు తనిఖీ చేయాలన్నది మాత్రం ఆ రోజే తెలిసింది. మేనేజరు గారి అనుమతితో జాబ్ కార్డులో నా గడి కింద మరో గడి వేయించాను. అందులో సంతకం మస్తాన్‌ది. నేను రిటైరయ్యేలోగా అతను నాలుగుసార్లు నన్ను వెనక్కి పిలిచాడు. నాలుగుసార్లూ అతను చెప్పిందే సరైంది.