తాడు లేని గంట

దయ్యాలంటే నాకు నవ్వొస్తది. నేను లెక్కల టీచర్ని. మౌలాలి రైల్వే కాలనీ బడిలో దయ్యం కథలు చెప్పిన పిల్లలకు చెవి మెలేసి ఎక్కాలు చదివించినదాన్ని. అయినా ఇది రాస్తున్న. ఎందుకంటే నేనొక్కదాన్నే గాదు, బస్సు నిండ జనం విన్నరు.

మా ఆయన ప్రకాశం సర్కారు బస్సు కండక్టర్. సికింద్రాబాద్ నుంచి మౌలాలి మీదుగ కాప్రా దాకా ఆయన లైను. నేను రోజూ అదే బస్సుల బడికి పోయేదాన్ని.

అప్పట్ల డ్రైవర్ ముందట వేరే క్యాబిన్ల కూసునేటోడు. వెనక ఏమైతుందో ఆయనకు కనబడది. కండక్టర్ పైన కట్టిన తాడు గుంజితే క్యాబిన్ల గంట మోగేది. ఒక్క గంటకు ఆపాలె, రెండు గంటలకు కదలాలె. ఒక్కో కండక్టర్‌ది ఒక్కో చెయ్యి. మా ఆయన తాడు గుంజి మెల్లగ వదిలేటోడు. గంట 'టంగ్' మని, వెనకాలే చిన్నగ 'టిక్' మనేది. డ్రైవర్ ఖాసిం చాచా "ప్రకాశంది మక్ఖన్ చెయ్యి, వెన్న లెక్క" అని ఎక్కిరించేటోడు.

నిజాం రాజ్యం మీదికి ఇండియా ఫౌజు వచ్చి పోలీస్ యాక్షన్ షురూ అయిన పొద్దు ఆయన డ్యూటీకి పోయిండు, ఇంటికి రాలే. కాప్రా కాడ బస్సు బంద్ చేసినంక చెరో దారిన నడిచినమని చాచా చెప్పిండు. ఎవరు ఎటు పోతున్నరో, ఎవర్ని ఎందుకు పట్టుకపోతున్నరో తెల్వని రోజులు. ఆరు రోజులాయె. మా పెండ్లయి నాలుగు నెలలే. అత్తమ్మ మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుంట కూసుంది. నాకు ప్రార్థన సుత రాలే, కోపమొచ్చింది.

ఏడో రోజు పొద్దుగాల బస్సులు మళ్ల నడిచినయి. మొదటి బస్సుకే ఎక్కి ముందు సీట్ల కూసున్న. దారి పొడుగూత అడుక్కుంట పోదామని. చాచాకూ ఆ రోజులల్ల భయమే, అయినా డ్యూటీకొచ్చిండు. కండక్టర్ కొత్తోడు, మల్లయ్య. ఆ ఆరు రోజుల్ల బస్సుని దేనికి వాడిన్రో ఏమో, గంట తాడు తెగిపోయి ఉంది. మల్లయ్య బస్సు రేకు మీద చేత్తోని చరిచి సైగ చేస్తున్నడు.

మౌలాలి గుట్ట దాటినంక రాళ్లు కొట్టే జాగ వస్తది. అక్కడ స్టాపు లేదు.

టంగ్. వెనకాలే టిక్.

బస్సు ఆగింది. మల్లయ్య నా ముందరనే నిలబడి ఉన్నడు, రెండు చేతులల్ల టికెట్ల కట్ట.

"గంట ఎవడు కొట్టిండు? తాడే లేకపాయె!" అని అరిచి, పోనియ్యమని రేకు మీద రెండుసార్లు చరిచిండు. బస్సు కదలలే. ఇంకోసారి చరిచిండు. ఊఁహూఁ.

ఖాసిం చాచా క్యాబిన్ దిగొచ్చి నా దిక్కే చూసిండు.

"బేటీ, విన్నవా?"

"విన్న, చాచా."

దిగి ఉరికిన. చెప్పులు ఎక్కడ జారినయో తెల్వదు. పెండ్లయినంక మొదటిసారి ఆయన్ని పేరు పెట్టి, "ప్రకాశం! ప్రకాశం!" అని ఒర్లుకుంట రాళ్ల మధ్యన ఉరికిన. వెనక చాచా, ఆయన వెనక సగం బస్సు.

రాళ్ల చాటున ఒక గుడిసె. అండ్లకెళ్లి ఒక ముసలామె బయటికొచ్చింది.

"మీరు బస్సోళ్లా? మంచిగొచ్చిన్రు. లోపల ఒక పిలగాడు పొద్దుగాల్నుంచి బస్సాపు, బస్సాపు అని ఒకటే కలవరిస్తుండు."

ఆయనే! అడ్డదారి పట్టి రాళ్ల మీదికెళ్లి జారిపడ్డడంట. ఆ గడబిడల ఎవరికి కబురు చెయ్యాల్నో తెల్వక ముసలామెనే ఇన్ని రోజులు చూసుకుందంట. కాలు ఇరిగింది, గాయం చీము పట్టింది, ఒళ్లు పెనమోలె కాలుతుంది. సీటు మీద పండవెట్టినం. చాచా బస్సు మళ్లేసి, ఏ స్టాపుల ఆపకుండ దవాఖానకు తోలిండు. స్టాపులల్ల జనం తిడుతున్నరు, బస్సుల జనం "పోనీ చాచా, పోనీ!" అని అరుస్తున్నరు. నేను ఏడుసుకుంటనే నవ్విన. ఇంకొక్క రోజైతే మనిషి దక్కకపోతుండె అన్నడు డాక్టరు.

తర్వాత మిస్త్రీ గంట ఇప్పి చూసిండు. తాడు లేకుంటే మోగనే మోగదన్నడు. కుదుపుకు మోగిందేమో అని వాదించింది నేనే. మరి ఆ 'టిక్'? అది సుత కుదుపేనా? మా ఆయన్ని అడిగితే "నాకేం యాదికి లేదే, జెర సతాయించకు" అనేటోడు. పాస్టరు దేవుని పని అన్నడు, చాచా అల్లా మెహర్బానీ అన్నడు. ఇద్దరికీ తలూపిన. దయ్యం అన్నోళ్లతోటి మాత్రం కొట్లాటకు పోయిన. బతికున్న మనిషి దయ్యమెట్లయితడు?

నాకు ఇప్పటికీ తెల్వదు. తెల్వకపోతే ఏమాయె? ఆ పొద్దు సంది ముప్పై ఒక్క ఏండ్లు, ఆయన కుంటుకుంట నా కండ్ల ముందట తిరిగిండు.