కానుగ కొట్టించిన చోట

చేసిన తప్పు చెప్పుకోవడానికి ఇంట్లో మరో మనిషి లేడు కనుక దీనిని రాసి ఉంచడం అవసరమనుకుంటున్నాను.

హూడిలోని నర్సరీ నుంచి బస్సులో వస్తున్నాను. ఒళ్లో అలంకారపు గడ్డి మొక్కల సంచి ఉంది. పక్కన కూర్చున్నావిడ అపార్టుమెంట్ల తోటల్లో పని చేస్తుందట. సంచిలోకి తొంగి చూసింది.

“ఈ గడ్డి నేను దినామూ కత్తిరిస్తాండానప్పా. చూసేకి బాగుండాది. దీని కింద ఎవురు కూసుంటారు?”

“ఎవరూ కూర్చోనక్కరలేదమ్మా. గేటు ముందరి కానుగచెట్టు రోజూ ఆకులు రాల్చి చెత్త చేస్తోందని కొట్టించాను. అక్కడ దీనిని వరుసగా నాటుతాను.”

“మనుషులూ చెత్త చేస్తారప్పా, వాళ్లనీ కొట్టిస్తావా?” అని నవ్వింది. “ఆ చెట్టు కింద ఇస్త్రీ బండి ఉండ్లేదా?”

“ఉండేది. అతడు చెప్పకుండా మానేశాడు. బాధ్యత లేని మనిషి.”

“నీడ లేకుంటే బొగ్గుల పెట్టె పట్టుకొని ఆయప్ప ఎట్ల నిలబడతాడప్పా?”

అతడు ప్రతి ఉదయం “సార్, తిండి ఆయ్తా?” అంటూ టిఫిను అయిందో లేదో కన్నడంలో అడిగేవాడు. రోజంతటిలో నన్ను పలకరించే మనిషి అతడొక్కడే. ఆవిడ తన స్టాపు రాగానే దిగిపోయింది.

గడ్డిని పెరట్లో నాటాను. గేటు ముందర మళ్లీ కానుగ మొక్క పెట్టి, ప్రహరీకి నాలుగడుగులు వదిలాను. ఆ దూరం చాలదేమో. తెలిసినవారు నా పొరపాటును దిద్దవలసిందిగా కోరుతున్నాను. ఉత్తరం రాయనక్కరలేదు, వచ్చి చెప్పవచ్చు. నేను ఇంట్లోనే ఉంటాను.