మా అన్న పిలిచి చూసిన పేరు

మా అన్న మోటార్లకు వైండింగు చేస్తాడు. కాలిపోయిన రాగి తీగను కోసి, పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిషు పోసి ఆరబెడతాడు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు పలకరిస్తే పలకడు, లెక్క తప్పుతుందని. కొడుకు పుట్టాక మాత్రం ఎవరూ పలకరించకపోయినా లెక్క తప్పుతూనే ఉంది. వాడికి ఏ పేరు పెట్టాలో తేల్చుకోలేకపోయాడు.

పక్క షెడ్డు వెల్డరు ఊరుకుంటాడా?

"తుప్పు పట్టిన పంపుకైనా ఓ నంబరుంటుంది గదా. నీ కొడుకు ఇంకా 'వాడే'నా?"

"పెడతాలే."

"త్వరగా పెట్టు. లేకపోతే నేనే ఓ రేకు మీద రాసి వాడి మెళ్లో వేస్తా."

ఉన్నవి రెండు పేర్లు, రెండూ పాతకాలంవే. ఒకటి వదిన తాతది. ఆయన గొడుగులు బాగుచేసేవాడట, తక్కువ మాట్లాడేవాడట. అంతకు మించి వాళ్లింట్లో ఎవరికీ గుర్తులేదు. నన్నడిగితే ఆ పేరుకున్న గొప్ప గుణం అదే.

రెండోది మా నాన్నది. ఆయన్ను వీధంతా గుర్తుపెట్టుకుంది. సందు మొదట్లో ఎవరైనా ఆయన్ను పేరుపెట్టి పిలిస్తే, ఇంటికొస్తున్నాడని మాకు తెలిసేది. అమ్మ రేడియో తగ్గించేది. నేను మంచం కిందికి దూరేవాణ్ణి. అన్న మాత్రం నడవలోనే నిలబడేవాడు. తను చేతికి దొరక్కపోతే నాన్న అమ్మ మీద పడతాడని వాడికి తెలుసు. వదిన కాపురానికొచ్చేసరికి ఆ మనిషి లేడు.

అమ్మ పట్టు నాన్న పేరు మీదే.

"మనిషి చెడ్డవాడే. పేరేం చేసిందిరా? నా మనవడైనా ఆ పేరుతో బాగా బతికితే చూసి పోతాను."

"ఆయన పాడుచేసిందంతా వీడు బాగుచెయ్యాలా?" అన్నాను.

"నిన్నెవరడిగారు? నాలుగు పుస్తకాలు చదివావని తగుదునమ్మా అంటూ వస్తావు."

"మీరందరూ ఏదనుకుంటే అదే అత్తయ్యా" అంది వదిన. ఆ మాటంటూనే తన తాత పేరుతో పిల్లాణ్ణి జోకొడుతోంది.

ఈసారి పేరు లేకుండా రావద్దని టీకాల నర్సు చెప్పి పంపింది. వెళ్లాల్సిన ముందురోజు మధ్యాహ్నం అన్న ఉయ్యాల పక్కన కూర్చున్నాడు. అమ్మ మాట ఏనాడూ కాదన్నవాడు కాదు.

"ఒకసారి పిలిచి చూస్తాను" అన్నాడు.

ఉయ్యాల మీదికి వంగి, నాన్న పేరు మెల్లగా పలికాడు. ముద్దుగానే పలికాడు. వంటగదిలో రేడియో పాట ఠక్కున తగ్గిపోయింది.

వదిన అటు చూసింది. అమ్మ చెయ్యి ఇంకా రేడియో మీదే ఉంది. ఆ రేడియో సంగతి వదినకు మేమెవరమూ ఎప్పుడూ చెప్పలేదు. అయినా తను లేచి వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

"కొత్తగదా. అలవాటవుతుంది" అంది అమ్మ.

"అలవాటయ్యే ఉందమ్మా. అదే నా భయం" అన్నాడు అన్న.

మర్నాడు నర్సు అడిగినప్పుడు అన్న వదిన తాత పేరు చెప్పాడు. ఆమె రాసుకుంది, సూది పొడిచింది, పిల్లాడు గుక్కపట్టాడు.  బయటికొచ్చాక అమ్మ అంది:

"ఆయన్ను మర్చిపోదామనేగా అన్నదమ్ములిద్దరి ఎత్తూ?"

నేను నోరు తెరిచేలోపే అన్న చెప్పాడు.

"మర్చిపోగలిగితే ఆ పేరే పెట్టేవాణ్ణి."

 అమ్మ వదిన చేతుల్లోంచి పిల్లాణ్ణి తీసుకుని, ఎండ తగలకుండా మొహం మీద గుడ్డ కప్పి, మాకంటే ముందు నడిచింది.

మనవడంటే ఆమెకు ప్రాణమే. స్నానం తనే చేయించాలి, నిద్ర తనే పుచ్చాలి. పిలవడం మాత్రం "ఏరా" అనే. పేరుపెట్టి పిలవమంటే, "నోరు తిరగాలి గదా, పిలుస్తాలే" అంటుంది. వాడిప్పుడు గుమ్మం పట్టుకుని నిలబడుతున్నాడు.