రేడియో తాతగారి మైల

నా పెళ్ళి ఆగిపోబోయిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. నా మొహం చూసి, "ఆగకుండా ఎట్లా జరిగింది?" అనే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లెక్కల పంతులు మొహం చూడలేక బడి ఎగ్గొట్టి, ఆ ఎగ్గొట్టడమే అలవాటై చదువు మానేసినవాణ్ణి. పెరంబూరులో రైలు పెట్టెలకు రంగులు పూసేవాణ్ణి. నోరు తప్ప వేరే ఆస్తి లేదు. ఇన్ని కారణాలు సిద్ధంగా ఉండగా, వాటిలో ఒక్కటీ నా పెళ్ళికి అడ్డం రాలేదు. ఎన్నడూ పుట్టని ఒక పెద్దమనిషి చచ్చిపోయాడు. అదే అడ్డం వచ్చింది.

ఆయన రేడియో నాటకంలో తాతగారు. అప్పట్లో మద్రాసు రేడియోలో శుక్రవారం సాయంత్రాలు ఒక కుటుంబ కథ నాటకంగా వచ్చేది. మా వీధిలో ఎవరింట్లోనూ రేడియో లేదు. కార్పొరేషన్ పార్కులో స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరే మా అందరి రేడియో. ఆ వేళకు తెలుగువాళ్ళం చాపలు, చంటిపిల్లలు, వక్కాకు పెట్టెలు తీసుకుని ఆ స్తంభం చుట్టూ చేరేవాళ్ళం. నేనైతే చేతులకున్న రంగు కూడా కడుక్కోకుండా పరిగెత్తేవాణ్ణి. నా పక్కన కూర్చున్నవాళ్ళు ఇంటికి పోయేసరికి వాళ్ళ పంచెల మీద కొంత రైలుపెట్టె ఉండేది.

నాటకంలో ఒక తాతగారు, ఆయనకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. బీరువా తాళాలగుత్తి పెద్దకోడలి బొడ్లో ఉండాలా, చిన్నకోడలి బొడ్లో ఉండాలా అన్నదే మొత్తం కథ. పప్పులో ఉప్పు ఎక్కువైందని తెలియడానికి ఒక శుక్రవారం, ఎవరు వేశారో తేలడానికి ఇంకో శుక్రవారం పట్టేవి. మా ఇంట్లో అయితే కంచం ముందు కూర్చున్న క్షణంలోనే రెండూ తేలిపోతాయి. అట్లా ఎగతాళి చేస్తూనే నేను ఒక్క వారం కూడా మానలేదు. చిన్నకోడలు అలిగి పుట్టింటికి పోయిన వారమంతా ఒక పెట్టెకు రెండు వైపులా రెండు రంగులు పూశాను.

నాకు నిశ్చయమైన పిల్ల మా మేనమామ కూతురు. అంటే మామ తల్లి, ఆ పిల్లకు నాయనమ్మ, నాకు అమ్మమ్మ. మేమందరం ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్ళం. మా మామ రైల్వే వర్క్‌షాపులో పెద్ద పెద్ద ఇంజన్లను విప్పి బిగించే మనిషి. అవ్వ ముందు మాత్రం ఒక బోల్టు కూడా తిప్పలేడు. ఆ ఇంట్లో అవ్వ మాటే మాట.

నాటకంలో చిన్నకొడుకు పెళ్ళి జరిగిన వారం పురోహితుడు సంకల్పం చెబుతూ ఇంటిపేరు, గోత్రం బిగ్గరగా చదివాడు. ఆకుకు సున్నం రాస్తున్న అవ్వ వేలు అట్లాగే ఆగిపోయింది. ఆ ఇంటిపేరు, ఆ గోత్రం మా మామ వాళ్ళవే. మనవాళ్ళు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చినప్పుడు ఒక అన్న రానన్నాడట, ఆ అన్న వంశమే వీళ్ళని అవ్వ అక్కడికక్కడే తేల్చేసింది. ఆనాటి నుంచి రేడియోలో కోడళ్ళు పోట్లాడుకుంటే పార్కులో అవ్వ తలదించుకునేది. మన ఇంటి రచ్చ పదిమందిలో పడిందని ఆమె బాధ.

మా పెళ్ళి ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒక శుక్రవారం తాతగారు పోయారు. దగ్గారు, మంచినీళ్ళు అడిగారు, పెద్దకోడలు చెంబు తెచ్చేలోపు పోయారు. తర్వాత పురోహితుడు, మంత్రాలు, ఇంటిపేరు, గోత్రం, పెద్దకొడుకు ఏడుస్తూ పిండం పెట్టడం. పార్కంతా ముక్కులు చీదింది. అవ్వ ఏడవలేదు. లేచి, ఎవరినీ తగలకుండా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఇంటికి పోయి తలమీద నీళ్ళు పోసుకుంది.

మర్నాడు మామ ఇంట్లో పెళ్ళి పసుపు దంచాలి. ముత్తయిదువులు వచ్చారు. రోలు కడిగారు. రోకలికి కట్టడానికి మామిడాకులు కూడా తెచ్చారు. అప్పుడు అవ్వ తడి జుట్టుతో నడవలోకి వచ్చి రోకలి కింద పెట్టమంది. మనింట్లో మైల, పది రోజులు శుభం చేయకూడదు అంది. పెళ్ళి ఆ పై వారం ఆదివారం. పది రోజులు ఆదివారాన్ని మింగేసి గానీ ఆగవు. ఆ ఆదివారం దాటితే మూఢం, నెలల తరబడి ముహూర్తాలు లేవు. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. చావు అడ్డం వచ్చిన సంబంధాన్ని మా వాళ్ళు మళ్ళీ కలుపుకోరు. అంటే వాయిదా కాదు, ఆ పిల్ల నాకు లేనట్టే.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను.

"అవ్వా, అది నాటకం" అన్నాను.

"తెల్సురా. నాకేమన్నా పిచ్చా?"

"మరి?"

"సచ్చినోడు నాటకం. గోత్రం నాటకమా? మన ఇంటిపేరు చెప్పి, మన గోత్రం చెప్పి పిండం పెట్టినారు. ఊరంతా విన్నాది. ఇప్పుడు మైల లేదంటే ఆ పిండం ఎవురికి పోవాల?"

   

మైల మొదలైంది. మా అమ్మ ఆ ఇంటి ఆడపడుచు కాబట్టి ఆమెకు మూడు రోజులు. ఆ మూడు రోజులూ పక్కింటావిడ పెట్టిన చింతపండు చారు నాకు గతి. మామకు పూర్తి మైల కాబట్టి గడ్డం గీయకూడదు. మాసిన గడ్డంతో వర్క్‌షాపుకు పోతే తోటి అరవవాళ్ళంతా చుట్టూ చేరి ఎవరు పోయారని అడిగారట. మామ అబద్ధం ఆడలేని మనిషి. మా వంశంలో పెద్దాయన, రేడియోలో ఉండేవాడు అని చెప్పాడు. రేడియోలో ఉద్యోగమంటే పెద్ద హోదా మనిషే అయివుంటాడని ఫోర్‌మన్ భుజం తట్టి, ఆ పూట ఇంటికి పొమ్మన్నాడు. మామ ఇంటికొచ్చి, నిజంగా ఎవరో పోయినట్టే గుండె పట్టేస్తోందని నాతో చెప్పుకున్నాడు. కూతురి పెళ్ళి పోతున్నందుకు పట్టేస్తోందా అంటే, కాదు, ఆ తాతగారికేనన్నాడు. నాకు ఇంకా భయం వేసింది.

ఆఖరి ఆశ పురోహితుడు. ఆయన వాషర్‌మెన్‌పేటలో ఉండేవాడు. మామను, అవ్వను వెంటబెట్టుకుని పోయాను. చదువుకున్నవాడు గదా, ఒక్క నవ్వు నవ్వి ఈ గోల తేల్చేస్తాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. ఆయనా ఆ నాటకం వింటాడు. "ఆ పురోహితుడి వేషగాడు మంత్రం సక్రమంగానే చెప్పాడు నాయనా. అదే చిక్కు. ఒక్క తప్పు చదివినా చెల్లదనేవాణ్ణి" అన్నాడు.

తర్వాత, పసుపు దంచడం మొదలైందా, మొదలైతే పెళ్ళి పని మొదలైనట్టే, ఇక మైల అంటదు అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అవ్వ రోలు కడిగాం గానీ పోటు వేయలేదని చెప్పింది. నా ప్రాణం మళ్ళీ కూర్చుంది. ఒక్క పోటు వేసినా సరిపోయేదట. ఆ ముత్తయిదువులు రోలు అంత శుభ్రంగా కడగకపోయి ఉంటే ఈ పాటికి నేను పెళ్ళికొడుకుని.

చివరికి ఆయనే దారి చెప్పాడు. వచ్చే శుక్రవారం నాటకం ఆఖరి భాగం. మైల ఆ ఇంటిది, కాబట్టి లెక్క కూడా ఆ ఇంటి కాలంలోనే చూడాలి. కథలో పదిరోజులు గడిచిపోతే మనకూ గడిచినట్టే. అవ్వ ఆలోచించి ఒప్పుకుంది. తీర్పు చెప్పడానికి ఆయన స్వయంగా పార్కుకు వస్తానన్నాడు.

ఆ శుక్రవారం పార్కులో కాలు పెట్టడానికి చోటు లేదు. మా సంగతి తొండియార్‌పేట దాకా పాకింది. నాటకం ఎప్పుడూ విననివాళ్ళు కూడా నా మొహం చూడ్డానికి వచ్చారు. స్తంభం కింద పీట మీద పురోహితుడు, ఆయనకు ఎదురుగా అవ్వ, అవ్వ వెనక ఆ పిల్ల. నేను లౌడ్‌స్పీకరుకు సరిగ్గా కింద నిలబడ్డాను. పడితే నామీదే పడనీ అని.

సంగీతం ఆగింది. మంత్రాలు మొదలయ్యాయి. పెద్దకోడలి గొంతు వినిపించింది: మామగారు పోయి అప్పుడే ఏడాదైంది, ఇవాళ ఆయన సంవత్సరీకం.

పురోహితుడు వేలెత్తాడు. ఏడాది దాటింది, తలస్నానం చేస్తే చాలునన్నాడు. పార్కంతా చప్పట్లు కొట్టింది. తద్దినానికి చప్పట్లు కొట్టిన జనాన్ని నేను అదే మొదలు, అదే తుది చూడటం. అవ్వ తలూపింది. నేను మామను కౌగిలించుకున్నాను. మామ గడ్డం గుచ్చుకుంది. అయినా వదల్లేదు.

అప్పుడు లౌడ్‌స్పీకరులో ఎవరో మూలిగారు. చిన్నకోడలు. ఒక శుక్రవారానికీ ఇంకో శుక్రవారానికీ మధ్య ఆమెకు నెలలు నిండిన సంగతి మాకెవరూ చెప్పలేదు. మంత్రసాని వచ్చింది, వేణ్ణీళ్ళు వచ్చాయి, క్యారుమని బిడ్డ ఏడ్చింది. మగపిల్లవాడు. పార్కులో ఆడవాళ్ళందరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. అవ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే అంది:

"పురుడొచ్చింది."

నవ్వులు ఆగిపోయాయి. చావుకు మైల ఉన్నట్టే పుట్టుకకు పురుడు ఉంది. అదీ పదిరోజులే. పురోహితుడు నావైపు చూడలేక చెప్పుల వైపు చూశాడు. పోయినాయన పోయి కష్టపెట్టాడు సరే, వచ్చినవాడు ఒక్క ఆదివారం ఆగి రాకూడదా?

నాటకానికి ఇక మిగిలింది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో వాళ్ళు ఎంత తీరుబాటుగా మాట్లాడుకున్నారో చెప్పలేను. పిల్లవాడి ముక్కు ఎవరి ముక్కు, చెవులెవరివి. పెద్దకోడలు కళ్ళు తుడుచుకుని తాళాలగుత్తి తీసి చిన్నకోడలి చేతిలో పెట్టింది. ఇన్నాళ్ళుగా మేమంతా ఎదురుచూసింది ఆ ఘడియ కోసమే. పార్కంతా కరిగిపోయింది. నేను మాత్రం పళ్ళు కొరుకుతూ, తాళాలు తర్వాత ఇచ్చుకోవచ్చు, ముందు రోజులు గడపండమ్మా అని స్తంభాన్ని బతిమాలుకున్నాను.

ఉయ్యాల గొలుసుల చప్పుడు వినిపించింది. ఆడవాళ్ళు జోలపాట అందుకున్నారు. తాతగారి పేరే పిల్లవాడికి పెట్టారు.

"బారసాల!" అని పురోహితుడు పీట మీదనుంచి లేచేశాడు. "పదకొండో రోజు. పురుడు తీరింది."

అవ్వ కదల్లేదు. "పురిటి స్నానం అయినట్టు చెప్పలేదే అయ్యగారూ" అంది.

"చెప్పకపోతే చేయలేదా తల్లీ? మీ వంశంవాళ్ళు స్నానం చేయకుండా ఉయ్యాల్లో బిడ్డను వేస్తారా?"

వంశం మాట వచ్చేసరికి అవ్వకు పౌరుషం వచ్చింది. మా వాళ్ళు అట్లాంటివాళ్ళు కాదని లేచి నిలబడింది. ఇంటికి పోయి అందరూ తలమీద నీళ్ళు పోసుకున్నారు. ఆ తర్వాత పెట్రోమాక్సు వెలుగులో పసుపు దంచారు. మామ గడ్డం గీయించుకున్నాడు. ఆదివారం నా పెళ్ళి జరిగింది. భోజనాల దగ్గర జనం నన్నూ నా భార్యనూ పట్టించుకోలేదు. చిన్నకోడలికి తాళాలు ఇవ్వడం న్యాయమా కాదా అని రెండు పంక్తులుగా విడిపోయి వాదించుకున్నారు.

తర్వాతి శుక్రవారం అలవాటు కొద్దీ నేనూ నా భార్యా పార్కుకు పోయాం. ఆ వేళకు లౌడ్‌స్పీకరులో ఎవరో వరి పైరుకు పట్టే పురుగుల గురించి చెబుతున్నారు. అయినా మా వాళ్ళంతా చాపలు వేసుకుని అట్లాగే కూర్చుని ఉన్నారు. లేచిపోదామని ఎవరికీ తోచడంలేదు. నేను ఆ నాటకాన్ని మొదటినుంచి నెమరువేసుకున్నాను. తాళాలగుత్తికి అన్ని నెలలు పట్టిన ఆ ఇంట్లో ఒక ఏడాది, ఒక పుట్టుక, ఒక బారసాల మాత్రం అరగంటలో అయిపోయాయి. రాసినాయన ఎవరో గానీ, తొందరలో చుట్టేశాడని అందరూ తిట్టారు. నేను మాత్రం ఆయనకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఆయన తీరిగ్గా రాసివుంటే నేను బ్రహ్మచారిని.

కొత్త పెళ్ళాం ముందు కొంచెం గొప్పలు పోవాలనిపించింది. ఆమెకోసం ఆ వారమంతా నేను తిండి మానేశానని, నిద్ర మానేశానని, అరవై ఊళ్ళ దేవుళ్ళకు మొక్కానని చెప్పుకొచ్చాను. పక్కింటి చింతపండు చారు సంగతి చెప్పలేదు. ఆమె అంతా విన్నది. నువ్వేం చేశావు ఆ వారం, నాకోసం ఏడ్చావా లేదా అని అడిగాను.

"ఏడ్చినా బావా" అంది. "నీకోసరం కాదు, ఆ తాతకోసరం. ఆయన నోరు తెరిస్తే ఏందో ఒక మంచి మాట ఉండేది. పెండ్లయితే ఇంక దినమ్మూ వినాల్సింది నిన్నే గదా అని తలుచుకుంటే ఏడుపు ఆగలేదు."