శంకరవ్వకు కోడలు దొరికింది

శంకరవ్వ నాయికి భాషలో మాట్లాడితే ఉట్నూర్ అవతలి ఆ గూడెంలో బదులిచ్చేవాళ్లు లేరు. ఆమె, ఆమె చెల్లెలు ఒకే ఇంటి అన్నదమ్ములను చేసుకున్నారు. పత్తి చేన్లో, మేకల వెంట, పొయ్యి దగ్గర ఇద్దరూ ఆ భాషలోనే బతికారు, అంటే ఆ భాషలోనే పోట్లాడుకున్నారు. నిరుడు వానాకాలంలో చెల్లెలు పోయింది. కొడుకులకు, మనవలకు తెలుగే వచ్చు.

ఆ మాటలు పోకముందే రికార్డు చేసుకుందామని మంథని అమ్మాయి సృజన వచ్చింది. ఆమెను తెచ్చిన జీపు నాది, పేరు ముష్తాక్.

"నీళ్లను ఏమంటరవ్వా?"

ముసలమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "వరుస లేనోళ్లతోని మా ఇంట్ల గా మాట మాట్లాడం బిడ్డా. నువ్వు నాకేమైతవు?"

"మీ ఇష్టం అవ్వా" అంది సృజన. మనవరాలినని చెప్పుకుంటే సుఖపడేది కదా, పిచ్చిపిల్ల.

"అయితే నువ్వు కోడలివి. గీ ముష్తాక్ అల్లుడు."

అల్లుడికి మంచం వేశారు, చాయ పోశారు. కోడలికి హుకుములు మొదలయ్యాయి. నీళ్లు తేవాలి, వాకిలి ఊడవాలి, తప్పించుకున్న మేకపిల్లను పట్టుకురావాలి, అన్నీ నాయికిలోనే. పని పూర్తయితేనే తర్వాతి మాట. మెడలో మైకు, చేతిలో చీపురుతో సృజనను చూసి నేను నవ్వలేక చచ్చాను.

వారాలు గడిచేసరికి ఆమెకు చేతులు బొబ్బలెక్కాయి, భాష పట్టుబడింది. కానీ రికార్డు నిండా హుకుములూ తిట్లే.

"ఒక్క ముచ్చట చెప్పవ్వా" అని బతిమాలితే, "కోడలితోని ముచ్చటేంది" అనేది శంకరవ్వ.

ఒకరోజు బిందె సరిగ్గా తోమలేదని మళ్లీ మళ్లీ తిప్పి పంపింది. సృజనకు ఒళ్లు మండింది. బిందె కింద పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇన్నాళ్లూ తాను తిన్న తిట్లన్నీ నాయికిలోనే అత్తకు వడ్డించింది. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా భయమేసింది.

శంకరవ్వ కొంగు బిగించి అందుకుంది. చెల్లెలు పోయాక ఆమె అంత ధారగా మాట్లాడగా ఇంట్లోవాళ్లే వినలేదు. సృజన తగ్గలేదు. చేన్ల నుంచి కొడుకులు వచ్చి చూస్తూ నిలబడ్డారు తప్ప ఎవరూ ఆపలేదు.

గొంతు బొంగురుపోయాక ముసలమ్మ సృజన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"మా చెల్లె పోయినంక నాకు ఎవ్వలు ఎదురు చెప్పలే బిడ్డా" అంది. ముక్కు చీది, "రేపు జర జల్ది రా" అంది.