రెండు స్పీకర్ల ఇంట్లో మాయమైన గొంతు

2023, కార్తీక మాసం. నరసరావుపేటలో మాది ఆడియో షాపు. నేను బడికి వెళ్ళింది తక్కువ. చదువూ, తీగలు అతికే సోల్డరింగూ నాన్న ఇంట్లోనే నేర్పారు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన్నీ తలుచుకుంటాను.

పత్తి వ్యాపారం చేసే కోటేశ్వరరావు గారు ఆ పొద్దున ఫోన్ చేశారు. "అమ్మాయ్, మల్టీచానల్ డిస్కులు తెప్పించా. పెడితే ఫిడేలుంది, మృదంగం ఉంది, పాడే ఆయన లేడు! ఈ పాత స్టీరియో తీసేసి ఐదు స్పీకర్ల సెట్టు బిగించు."

మల్టీచానల్ అంటే ఒకే కచేరీని ఐదారు స్పీకర్లకు విడివిడిగా పంచి రికార్డు చేయడం. స్టీరియోకు ఉండేవి రెండే.

కొలిచే టేపు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో డిస్కు మోగుతోంది. ఆ ఫిడేలుతో కలిసి ఎవరో నిండుగా కీర్తన పాడుతున్నారు. చూస్తే ఆయన తల్లి సీతమ్మ గారు, దేవుడి మందిరం ముందు వత్తులు చేసుకుంటూ. నన్ను చూడగానే ఆపేశారు.

కొలిచాను. వెనక స్పీకర్లలో ఒకటి సరిగ్గా మందిరం ఉన్న మూలకే వస్తోంది.

"మందిరాన్ని వంటింట్లోకి జరుపుదాంలే," అన్నారాయన.

"ఏందిరా జరిపేది? నీ డబ్బాలకి చోటు కావాలని దేవుడు లేచిపోవాలా?"

"పాడేవాడు లేకుండా ఏం వింటామమ్మా!"

ఇద్దరూ నా వైపు చూశారు. సెట్టు అమ్ముడైతే షాపుకు మంచిదే. సరైన మాట చెప్పించు స్వామీ అనుకుని, ముందు వంగి ప్లేయర్‌ని ముందూ వెనకా చూశాను. సంగతి అర్థమైంది. ప్లేయర్ మల్టీచానల్‌లో ఉంది. ఆ డిస్కులో గాయకుడి గొంతును సెంటర్‌కు, అంటే మధ్య స్పీకర్‌కు పంపారు. ఈ ఇంట్లో ఆ స్పీకరే లేదు. ఇలాంటి డిస్కులు చాలావాటిలో రెండు స్పీకర్ల కోసం వేరే రికార్డింగు కూడా ఉంటుంది. డిస్కు అట్ట వెనక చూస్తే దీనిలోనూ ఉంది. రిమోట్‌తో స్టీరియోకు మార్చాను.

గాయకుడు వచ్చి ఎదురుగా కూర్చున్నట్టు పాట అందుకున్నాడు.

"ఓర్నీ! ఇన్నాళ్ళూ లోపలే ఉన్నాడా!" అన్నారు కోటేశ్వరరావు గారు.

"ఉన్నాడండీ. మీ పాత స్పీకర్లు చాలు. మందిరం కదలక్కర్లేదు."

సీతమ్మ గారు మందిరానికి దండం పెట్టుకున్నారు. కాసేపు విని, నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయ్, ఆయన్ని మళ్ళీ పంపించెయ్యగలవా?"

"ఏం మామ్మగారూ, బాగా పాడటం లేదా?"

"చానా బాగా పాడతన్నాడు. కానీ ఇన్నాళ్ళూ ఆ ఫిడేలు నాకోసమే వాయించారే! పెళ్ళయినాక నా పాటకి ఎవరు వాయించారు?"

కోటేశ్వరరావు గారు పగలబడి నవ్వారు. "అదా సంగతి! ఇంకా నీ గొంతు ఇంత లేచిందేందా అనుకుంటన్నా!"

పూజ పళ్ళెంలోని కుంకుమ తీసి, రిమోట్ మీద మార్చే బటన్‌కు బొట్టు పెట్టి ఆవిడకు చూపించాను. పొద్దున పూజకు నొక్కితే గాయకుడు తప్పుకుంటాడు. సాయంత్రం కొడుకు నొక్కితే తిరిగొస్తాడు.

ఆ ఇంటి నుంచి సెట్టు ఆర్డరు రాలేదు, ప్రసాదం వచ్చింది. ఇప్పుడు ఎవరైనా ఈ డిస్కులు మా ఇంటికి పనికొస్తాయా అంటే స్పీకర్లు ఎన్నున్నాయో తర్వాత అడుగుతాను. వినేది ఎవరో ముందు అడుగుతాను. పాడేవాళ్ళు కూడా ఉన్నారేమో కనుక్కుంటాను.