రాగి గిన్నెకు ఏ పదును

కిందటి నెల టెక్కలి వెళ్తుంటే దారిలో మా బస్సు ఒక షెడ్డు ముందు ఆగిపోయింది. డీజిలు పైపు దగ్గర కారుతోందన్నారు. ప్రయాణికులందరూ కొబ్బరిబోండాల బండి వైపు వెళ్లారు. నేను షెడ్డులోకి వెళ్లి నిలబడ్డాను, నాకు ఆ అలవాటు పోలేదు. ఒక కుర్ర మెకానిక్ చిన్న రాగి వాషరును పట్టకారతో పట్టుకుని మంటలో ఎర్రగా కాల్చి, పక్కనున్న నీళ్ల డబ్బాలో పడేశాడు. సుయ్ మని ఆవిరి లేచింది. కాలిన రాగి వాసన ఒకటుంటుంది, నాలుక మీద పాత నాణెం పెట్టుకున్నట్టుగా. ఆ వాసనకి నా వయసు యాభై ఏళ్లకు పైగా తగ్గిపోయింది.

"ఎందుకలా కాల్చావు బాబూ?" అని అడిగాను, తెలిసే.

"మెత్తబడతాది తాతా. మెత్తగుంటేనే పైపు మూతికి అతుక్కుంటాది. అందరూ ఇలాగే సేత్తారు" అన్నాడు తలెత్తకుండా.

అందరూ ఇలాగే చేస్తారు. నిజమే. కానీ ఒకప్పుడు నేను అలా చేయలేదు. పుస్తకం చదివి, నిఘంటువు చూసి, పూర్తి నమ్మకంతో దానికి సరిగ్గా ఎదురు పని చేశాను. ఆ రోజు నన్ను ఆపమన్న మనిషి గురించి తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కడినే మిగిలానేమోనని బస్సెక్కాక అనిపించింది. ఇది రాయడానికి అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు.

అరవయ్యో దశకం చివరి ఏళ్లు. నాకు ఇరవై ఆరేళ్లు. పాతపట్నంలో మా బావ రామినాయుడు, అంటే మా అక్క భర్త, ఒక పాత డీజిల్ లారీ కొన్నాడు. నేను దాని డ్రైవరుని. భావనపాడు నుంచి ఎండుచేపలు, తిరుగుదారిలో ధాన్యం, చింతపండు, ఏది దొరికితే అది వేసుకునేవాళ్లం. ఎండుచేపల వాసన ఆ లారీ సీట్లలోకే కాదు, నా చొక్కాల్లోకి కూడా ఎక్కేసింది. గ్రంథాలయంలో నా పక్కన కూర్చున్నవాళ్లు మెల్లగా బల్ల మార్చేవారు.

గ్రంథాలయం సంగతి చెప్పాలి. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. తెలుగు పుస్తకాలు అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మొదలుపెట్టాను. గ్రంథపాలకుడు శంకరరావుగారు నాకోసం అడుగు అర దులిపి డీజిల్ ఇంజన్ల మీద ఒక లావుపాటి పుస్తకం తీసిచ్చారు. అప్పటిదాకా దాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదట. రోజుకు అరపేజీ చొప్పున, మాట మాటకీ అర్థం చూసుకుంటూ చదివాను. ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు గర్వమే.

ఆ ఏడు వానలు వెనకబట్టిన రోజుల్లో లారీ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. పొద్దున్న స్టార్టు చేస్తే తెల్లటి పొగ. రేడియేటరు మూత తీస్తే ఎసరు కాగినట్టు బుడగలు. మెకానిక్కులు ఇద్దరు చూసి ఇంజను పని అయిపోయిందన్నారు. నా పుస్తకం అలా అనలేదు. ఇంజను పైభాగమైన హెడ్డులో, డీజిలు చిమ్మే ఒక్కో ఇంజెక్టరూ ఒక చిన్న రాగి గిన్నెలో కూర్చుంటుంది. గిన్నె బయట నీళ్లు, లోపల మంట. ఆ గిన్నె చిట్లితే నీళ్లు మంటలోకి, మంట నీళ్లలోకి పోతాయి. గిన్నెలు మారిస్తే చాలు. ఈ సంగతి బావకి బొమ్మ గీసి మరీ చెప్పాను.

బావ బొమ్మ చూడలేదు. "ఒరే సింహాచలం, ఆదివారం పొద్దున్న పాత ఇనుము సామాన్ల సాయిబు వస్తన్నాడు. అప్పటికి బండి నడిస్తే నీది. నడవకపోతే ముక్కలు సేసి అట్టుకుపోతాడు. ఇంక నాకు సెప్పకు" అన్నాడు.

నడవకపోతే నేను మళ్లీ ఎవరి బండికో క్లీనరుగా వెళ్లాలి. స్టీరింగు పట్టినవాడు తిరిగి గుడ్డ పట్టడమంటే ఏమిటో ఆ పని చేసినవాళ్లకి తెలుస్తుంది. విశాఖపట్నం నుంచి ఆరు గిన్నెలు తెప్పించాను. సరిగ్గా ఆరే. ఇంకొకటి కావాలంటే మళ్లీ వారం. గరివిడిలో లేతు పని చేసే గౌరినాయుడు, పాత గిన్నెల్లో మర కోసి పైకి లాగే సాధనం ఒకటీ, కొత్తవాటిని లోపలినుంచి విప్పారేట్టు కొట్టే నున్నటి ఉక్కు కడ్డీ ఒకటీ ఎరువిచ్చాడు. గురువారం హెడ్డు విప్పి, మా పెరట్లో రెండు దుంగల మీద పెట్టాను.

మా పెరటికీ పక్క పెరటికీ మధ్య ఒక మట్టిగోడ. గోడకి అవతల కంచరి పైడమ్మ. ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితి ఆవిడ పుట్టిల్లు. భర్త పోయాక కొలిమి ఆర్పకుండా తనే కూర్చుంది. బిందెలు, చెంబులు, దేవుడి గంటలు, వచ్చినదల్లా చేసేది. చదువు లేదు. యాభై దాటిన మనిషి, ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు చుక్కల ముగ్గులా ఉండేవి. నన్ను చూస్తే ఆవిడకి వేళాకోళం. "ఏట్రా పుస్తకాల బాబూ, ఈవేళ ఏ కాయితం నవిలావు?" అనేది. నేను అత్తా అనేవాణ్ణి. బంధుత్వం ఏమీ లేదు, వీధిలో అందరికీ ఆవిడ అత్తే.

శుక్రవారం పొద్దున్న పని మొదలుపెట్టాను. కొత్త గిన్నె బిగించే ముందు దాన్ని ఏదో చేయాలని పుస్తకంలో ఒక మాట ఉంది. ఆ మాటను ఎలా పలకాలో కూడా నాకు తెలియదు. నిఘంటువులో చూసి ముందే రాసి పెట్టుకున్నాను: కాల్చి పదును చేయుట. పదును అంటే ఎవరికి తెలియదు? కత్తికి కమ్మరి పెట్టేదే. ఎర్రగా కాల్చాలి, నీళ్లలో ముంచాలి, గట్టిపడుతుంది. పొయ్యిలో బొగ్గులు రాజేసి ఒక గిన్నెను కాల్చి ముంచాను. తీసి బొటనవేలితో నొక్కితే అంచు లొంగింది. గట్టిపడాల్సింది మెత్తబడిందేమిటి? నా చేతిలో లోపమనుకున్నాను. కమ్మరి కాల్చాక కొడతాడు కదా అని గుర్తొచ్చి, గిన్నెను ఇనుప కడ్డీకి తొడిగి చుట్టూ చిన్న సుత్తితో కొట్టడం మొదలుపెట్టాను. కొట్టేకొద్దీ గట్టిపడుతోంది. నాకు ఉత్సాహం పెరిగింది.

గోడ అవతలినుంచి కేక వచ్చింది. "ఒరే సింహాచలం! ఆ రాగిని సంపేత్తన్నావేట్రా?"

"పదును పెడతన్నానత్తా!"

"ఏటి పదును? ఇందాకా బొద్దుగా పలికింది, ఇప్పుడు కీచుమంటన్నాది. ఆపు, పగిలిపోద్ది."

"పుస్తకంలో ఉన్నాదత్తా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎలా ఉందో నాకింకా గుర్తుంది. ఇంటికొచ్చిన అప్పులవాడికి తలుపు దగ్గరే జవాబు చెప్పినట్టుంది.

మొదటి రంధ్రంలో పాత గిన్నెను లాగేసి, నేను గట్టిపరిచిన కొత్త గిన్నెను దించాను. ఉక్కు కడ్డీ పెట్టి రెండు దెబ్బలు వేశాను. మూడో దెబ్బకి టిక్ మంది. వంగి చూస్తే అంచు దగ్గర వెంట్రుక మందాన చీలిక.

దాన్ని బయటికి లాగి పక్కన పెట్టి చతికిలబడ్డాను. ఆరు రంధ్రాలు, అయిదు గిన్నెలు, మధ్యలో శనివారం ఒక్కటే. గోడ అవతల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి పైడమ్మత్త పెరటి తలుపు తోసుకుని వచ్చింది. చిట్లిన గిన్నెను వెలుతురుకి పట్టి చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఏటని రాసుందిరా నీ పుస్తకంలో?"

చెప్పాను. కాల్చి పదును చేయాలని.

"ఏ పదును?"

"పదునంటే పదునే కదత్తా."

"కత్తి పదునా, సేను పదునా? వాన పడ్డాక సేనుకి పదునొచ్చిందని మీ బావ అనడా? గట్టిపడిందని అంటాడేట్రా? మెత్తబడింది, నాగలి దిగుద్దని అంటాడు. రాగికి పెట్టేది సేను పదును. కాలిస్తే నీరవుద్ది, కొడితే రాయవుద్ది. నువ్వు కాల్చి మంచి పనే సేసి, కొట్టి సెడగొట్టుకున్నావు."

నిఘంటువు అబద్ధం చెప్పలేదు. ఒకే మాటకి రెండు అర్థాలుంటే, నేను కత్తి వైపుదే తీసుకున్నాను. మా తాత దున్నిన పొలం మీద పుట్టి పెరిగినవాణ్ణి, చేను వైపు అర్థం నాకు తట్టనే లేదు. పుస్తకంలో ఉన్న మాట కాబట్టి అది పొలంలో మాట కాదనుకున్నానేమో.

"లే. మిగిలిన అయిదూ అట్టుకురా" అంది. తన కొలిమి దగ్గర కూర్చోబెట్టింది కానీ ఒక్క గిన్నె కూడా తను ముట్టుకోలేదు. పట్టకారు నాచేతే పట్టించింది. తిత్తి మాత్రం తను కాలితో తొక్కుతూ, ఎండ పడకుండా గోనెపట్టా వేలాడదీసి, "రంగు సూడు. కోడిపుంజు తురాయి రంగు రావాల. అది దాటితే కరిగిపోద్ది. ఇంకా... ఇంకా... ఇప్పుడు తియ్యి!" అనేది. సుయ్. సుయ్. అయిదు సార్లు. ఆఖరిదానికి ఆవిడ చెప్పకముందే తీశాను. ఆవిడ తిత్తి మీదనుంచి కాలు తీసేసింది.

శనివారం మధ్యాహ్నానికి అయిదూ దిగాయి. ఈసారి రాగి ఉక్కు కడ్డీ చుట్టూ వెన్నలా విప్పారి గోడకి అతుక్కుంది. ఆరో రంధ్రంలో పాత గిన్నె అలాగే ఉంది, ఇంకా లాగలేదు. ఆరూ ఒకేసారి మార్చాలని పుస్తకంలో ఉంది.

"అది కారతన్నాదా?" అంది పైడమ్మత్త.

"తెలీదత్తా."

"నాకూ ఇంజను తెల్దు. కారిందో నేదో మాత్రం తెలుసుకోవచ్చు."

అతుకు వేసిన బిందెకి ఆవిడ చేసే పరీక్షే చేశాం. ఆరు గిన్నెల లోపలా తడిపిన సుద్ద పూసి ఆరబెట్టాం. హెడ్డులో నీళ్లు తిరిగే దారుల అడుగున రబ్బరు పెట్టి చెక్కతో బిగించి, పైనుంచి కిరసనాయిలు పోశాం. నీళ్లు దూరని సందులోంచి కూడా కిరసనాయిలు దూరుతుంది. తెల్లటి సుద్ద మీద మరక కనిపిస్తే అక్కడ చిల్లి ఉన్నట్టు. కిరసనాయిలు మా అక్క అప్పలనరసమ్మ ఇచ్చింది, ఇంట్లో దీపాలకని ఉంచుకున్న డబ్బా మొత్తం.

ఇద్దరం చెరోపక్కా కూర్చుని సుద్ద వైపు చూస్తుండగా బావ వచ్చాడు. హెడ్డు చుట్టూ తిరిగాడు. "అయిదే కొత్తవి. ఆరోది ఏదిరా? ఆరు తెప్పించావు కదా?"

నేను పైడమ్మత్త వైపు చూశాను. ఆవిడ సుద్ద వైపే చూస్తోంది. పగిలినదే వచ్చిందని అనేయచ్చు, దూరం నుంచి వచ్చిన సరుకు కదా. ఆవిడ కాదనదనే నా నమ్మకం. కానీ ఆవిడ ముందు ఆ మాట నా నోట రాలేదు.

"నేనే పగలగొట్టాను బావా. పుస్తకంలో మాట నాకు తప్పుగా అర్థమయింది. అత్త ఆపమన్నా ఆపలేదు."

బావ పగిలిన గిన్నెను తీసి తిప్పి చూశాడు. అప్పుడే మూడో రంధ్రంలో, నేను బిగించిన కొత్త గిన్నె అంచున, సుద్ద మీద గోధుమరంగు చుక్క ఒకటి లేచింది. పాత గిన్నె పొడిగానే ఉంది.

"అదిగో" అంది పైడమ్మత్త. "ముసిలిది బాగానే ఉన్నాది. నీ కొత్త పెళ్లికూతురే ఏడుత్తన్నాది."

బావకి నవ్వు ఆగలేదు. నాకు కూడా. కిరసనాయిలు తీసేసి, మూడోదానికి మళ్లీ కడ్డీ పెట్టి, ఈసారి చెవి పెట్టి వింటూ కొట్టాను. బొద్దుగా పలికినంతసేపు కొట్టాను, గొంతు మారబోతుండగా ఆపాను. మళ్లీ సుద్ద, మళ్లీ కిరసనాయిలు. ఆరూ పొడి.

"మరి అది మార్చవా?" అన్నాడు బావ పాతదాన్ని చూపిస్తూ.

"కారనిదాన్ని పీకి ఏటి సేత్తాడు?" అంది పైడమ్మత్త, చేతులు బూడిదతో తోముకుంటూ.

శనివారం పొద్దుగూకేలోపు హెడ్డు తిరిగి బిగించాం. ఆదివారం ఎండెక్కే సమయానికి సాయిబు తన బండితో వీధి చివరికి వచ్చేశాడు. సరిగ్గా అప్పుడే ఇంజను అంటుకుంది. మొదట నల్లగా దగ్గి, తర్వాత కుదురుకుంది. రేడియేటరు మూత తీసి అక్కా, బావా, పైడమ్మత్తా, నేనూ నలుగురం వంగి చూశాం. నీళ్లు కదలలేదు. ఒక్క బుడగ లేదు. మా నాలుగు మొహాలూ ఆ నీళ్లలో కనిపించాయి. సాయిబు కూడా వచ్చి చూసి, "బతికిన బండిని నేను కొననయ్యా" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. బావ తాళంచెవి నా జేబులో వేశాడు.

ఆ లారీని ఇంకా తొమ్మిదేళ్లు నడిపాను. ఆ ఆదివారం సాయంత్రమే గ్రంథాలయానికి వెళ్లి శంకరరావుగారికి జరిగినది చెప్పాను. నిఘంటువులో రాయడానికి ఒప్పుకోలేదు గానీ, ఒక చీటీ ఇచ్చారు. 'రాగికి చేను పదును' అని రాసి ఆ మాటున్న పేజీలో పెట్టాను. పైడమ్మత్తకి ఈ సంగతి చెబితే, "మరి మా పనంతా ఏ పుస్తకంలో ఉన్నాదిరా?" అని అడిగింది. వెతికి చెబుతానన్నాను. చాలా వెతికాను, ఎక్కడా దొరకలేదు. ఆ తర్వాత రెండేళ్లపాటు, తీరిక దొరికిన మధ్యాహ్నాలు ఆవిడ కొలిమి దగ్గర కూర్చుని ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. నేను చదివింది వినిపిస్తే ఆవిడ తప్పులు దిద్దేది. ఎక్కడా చదవడానికి దొరకని పుస్తకాన్ని నేనే రాయడం అదే మొదలు.

ఇప్పటికీ పుస్తకాల మీద నా గౌరవం తగ్గలేదు, పెరిగింది కూడా. కానీ ఏ మాట చదివినా దాన్ని ఎవరు, ఏ పని చేస్తూ అంటారో అడిగి తెలుసుకునేదాకా చేతిలోకి సుత్తి తీసుకోను. నా దగ్గర పని నేర్చుకున్న డ్రైవర్లకి ఇదంటే విసుగు. విసుక్కుంటూనే అడగడం నేర్చుకున్నారు.

చివరగా కృతజ్ఞతలు. అడుగు అర దులిపిన శంకరరావుగారికి. అడగ్గానే సాధనాలు ఎరువిచ్చి, తిరిగి ఎప్పుడిస్తావని అడగని గరివిడి గౌరినాయుడికి. దీపాల కిరసనాయిలు మాకిచ్చేసి, ఆ రెండు రోజులూ చీకట్లోనే వండి వడ్డించిన మా అక్క అప్పలనరసమ్మకి. తిట్టవలసినచోట నవ్విన బావ రామినాయుడికి. కంచరి పైడమ్మత్తకి, అన్నిటికీ. ఇంకొక మనిషి ఉన్నాడు, ఎంత అడిగినా ఆయన పేరెవరూ చెప్పలేకపోయారు: మా రెండు పెరళ్ల మధ్య గోడను అంత పల్చగా కట్టిన మేస్త్రి.